దేనికదే తిరిగే గిర్రలు

ఇబ్రహీంపట్నం
1948, శివరాత్రి ముందటి ఆదివారం

గుండూ,

కార్ఖానల నిన్ను అందరు ఈశ్వరయ్య అంటుండొచ్చు. నాకు మాత్రం గుండువే. అక్షరాలు వంకర పోతే నవ్వకు బిడ్డా. ఎప్పుడు నా మాట నీ తమ్ముడు రాసేటోడు, నేను పక్కన కూసోని చెప్పేదాన్ని. ఈ నాలుగు అక్షరాలు కూడ వాడు చెక్క మీద సుద్దతోని దిద్దిచ్చినవే. ఇయ్యాల నేనే రాస్తున్న. జర కూసోని చదువు. నీళ్ళు పక్కన పెట్టుకో.

కొండల్ లేడు.

తుపాకులోళ్ళు మన్నెగూడ దిక్కుకెళ్ళి లారీల వచ్చిండ్రు. సంఘపోళ్ళకు అన్నం పెట్టినోళ్ళు ఎవరని ఇల్లిల్లు ఎతికిండ్రు. మన ఇంట్ల ఏం దొరుకుతది? నడిమింట్ల గోనెపట్టా కింద రైలింజను దొరికింది. నీ కాడికి కుర్డువాడి వచ్చి, ఆ సన్న పట్టాల బండిని చూసిపోయిన కాడి నుంచి వాడు ఇంకో లోకం ఎరుగడు గదా. అసలు ఇంజనుకు అడుగున్న కాడ మనదానికి అంగుళమున్నర అని లెక్క గట్టి, బండ్ల పని అయినంక పొద్దూకే దాక దాని ముంగటనే ఉండె.

ఒకడు గోనెపట్టా గుంజి ఇదేందిరా అన్నడు. రైలు అన్నడు వీడు. ఇంట్ల రైలేందిరా అని అందరు నవ్విండ్రు. వాళ్ళు నవ్వుతుంటే నాకు జర పానం కుదుట పడ్డది. ఇంతల ఇంకొకడు నువ్వు పంపిన ఇత్తడి గొట్టం లేపి, ఇది తుపాకి గొట్టం, వీడు సంఘానికి తుపాకులు చేస్తున్నడు అన్నడు. కాదు సారు, ఇది మా అన్న పంపిండు, నిప్పు పొగ దీంట్లకెళ్ళి పోతది, చుట్టు నీళ్ళుంటయి, ఆ నీళ్ళు కాగి ఆవిరైతది అని వీడు కింద కూసోని వేలు పెట్టి చూపిచ్చుకుంట చెప్పిండు. ఇంజను గురించి ఎవరడిగినా వాని మొఖం ఎట్ల విచ్చుకుంటదో నీకెరుకే. వాళ్ళకు కూడ గట్లనే చెప్పిండు. భయపడుడు కూడ మరిచిండు.

బయటికి తీస్కపోయిండ్రు. చప్పుడు ఇనబడ్డది.

నువ్వు లేవు గనుక కమ్మరి జంగయ్య ముందు నిలబడి మన్ను పెట్టిండు. బాపు పక్కనే పెట్టినం.

ఇప్పుడు నా మాట గట్టిగ ఇను. నువ్వు రాకు. పోయేటప్పుడు వాళ్ళు, గొట్టం పంపిన పెద్దోడు ఏడి అని అడిగిండ్రు. సోలాపూరు దిక్కు పనికి పోయిండన్న. ఎప్పటికైన ఇంటికి రాడా, చూస్తం అన్నరు. నాకు ఉన్నది ఇగ నువ్వొక్కనివి. నువ్వు బతికి ఏడ్నో దూరాన ఉన్నా నాకు చాలు.

ఈ కాయితం మనూరి దానియేలు చేతికి ఇస్తున్న. లారీ మీద సోలాపూరు పోతున్నడు, నిన్ను కలుస్త అన్నడు. ఇగ మీద రాసేది టప్పాలనే. టప్పా తెచ్చే బాలస్వామి చెవుల చెప్పిండు, ఉత్తరాలు విప్పి చదువుతున్నరంట. అందుకని టప్పాల రాస్తే గిర్రల ముచ్చట, చెక్కల ముచ్చటే రాస్త. అండ్లనే నన్ను చూస్కో.

అవ్, ఇంజను నేను చేస్త. రాగి రేకు, గొట్టాలు ఎత్కపోయిండ్రు. కంచరోళ్ళతోని పోయించిన ఇత్తడి గిర్రలు పనికిరానివని ఇసిరేసి పోయిండ్రు. ఆరిటిని ఏరుకొచ్చి చీరె కొంగుతోని తుడిచిన. మీ బాపు బాడిసె ఉన్నది, ఉలి ఉన్నది. ఇంట్ల అవి ఊకె పడి ఉంటే నాకు అన్నం పోతలేదు. ఎట్ల చెయ్యాల్నో నువ్వు రాయి.

నీ అవ్వ
బాలనర్సమ్మ


కుర్డువాడి
21 మార్చి 1948

అవ్వకు కొడుకు ఈశ్వరయ్య దండం పెట్టి రాసేది.

దానియేలన్న వచ్చిండు. చదివిన. అన్న ఆ పొద్దంత నా పక్కనే కూసున్నడు. నేను చెప్పులేసుకొని టేషను దిక్కు పోతే చెయ్యి పట్టి గుంజుకొచ్చిండు. మీ అవ్వ ఒక కొడుకును మన్నుల పెట్టి వచ్చింది, రెండోవాన్ని పెట్టేటందుకు పిలుస్తున్నవా అన్నడు. ఆ మాటకు ఆగిన. లేకుంటే ఆగేవాన్ని కాదు.

ఇక్కడ రైలు పెట్టెల కార్ఖానల చెక్కపని నాది, ఇంజన్ల షెడ్డు అవతల ఉంటది. కొండల్ వచ్చినప్పుడు షెడ్డు మిస్త్రీ దగ్గర గంటలు గంటలు నిలబడెటోడు. ఒకనాడు ఇంజను కిందికి దూరి మసితోని నల్లగ బయటికొచ్చి, అన్నా, దీని కడుపుల అంత కనిపిస్తది అన్నడు. మిస్త్రీ ఇప్పటికి అడుగుతడు, నీ తమ్ముడు ఎన్నడొస్తడని. వస్తడు అనే చెప్తున్న.

నువ్వు బాడిసె పట్టుడేంది అవ్వా. సరే. నువ్వంటే నువ్వే. షెడ్డుల ఆరు గిర్రల చిన్న ఇంజను ఒకటి ఉన్నది, పెట్టెలను అటిటు తోసేది. కొండల్ కొలతలు తీసుకున్నది దానివే. దాని బొమ్మ మిస్త్రీతోని గీయించి ఈ ఉత్తరంల పెడుతున్న. పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. ముందు అడుగు చట్రం చెయ్యి. టేకు చెక్కనే పెట్టు. బండికి నొగలు ఎట్ల పెడుతరో గట్ల రెండు పొడుగు చెక్కలు, నడుమ అడ్డచెక్కలు. దాని మీద తక్కినదంత కూసుంటది.

ఒక్క మాట మాత్రం చెప్తున్న. అది వాకిట్ల పట్టాల మీద దొర్లిందని నువ్వు రాసిన నాడు నేను బయల్దేరుత. ఇగ అప్పుడు దానియేలన్న కాదు గదా ఎవ్వరు పట్టుకున్నా ఆగ.

గొట్టం ఇంకొకటి దొరికింది. పంపమంటవా?

నీ కొడుకు
ఈశ్వరయ్య


ఇబ్రహీంపట్నం
ఉగాది పోయిన వారం

గుండూ,

బొమ్మ కాయితం సగమే వచ్చింది. పై సగం ఎవరో చింపుకున్నరు. కింద సగంల గిర్రలు, చట్రం ఉన్నయి. పైన ఏమున్నదో నేనే అనుకొని చేస్త.

గొట్టం పంపకు. ఇగ నీ గొట్టం ఈ ఇంటికి వద్దు.

చట్రం అయింది. పాత బండి నొగ కోసి చేసిన. మీ బాపు చేసిన బండి అది, కట్టె ఎముక లెక్క ఉన్నది, ఉలి దిగలే. ఉలి తీస్కొని జంగయ్య కొలిమి కాడికి పోయిన. ఆడిది ఉలి పట్టుకొచ్చిందని ఆయన జరసేపు నన్నే చూసిండు. ఏమంటడో అనుకున్న. నిప్పుల పెట్టి, కొట్టి, నూరి, చేతికిచ్చిండు. "వదినె, రైలైతే చెప్పు, తురకయాంజాల్ దాక మొదటి టికెట్ నాదే" అన్నడు. "నీ ఒళ్ళు బరువుకు నా రైలు ఇరుగుతది, నువ్వు నడిచే రా" అన్న. కొండల్ పోయినంక నవ్వు రాలే నాకు, గప్పుడే వచ్చింది. వెంటనే ఏడుపు కూడ వచ్చింది. జంగయ్య అటు తిరిగి తిత్తి ఊదుకుంట కూసున్నడు, చూడనట్టు.

పక్కింటి ఈదమ్మ ఊకె ఉండదు గదా. "అక్కా, కొడుకు పోతే దీపం పెట్టుకుంటరు గని బొమ్మలు చేసుకుంటరా" అన్నది. "నువ్వు పొద్దుగాల్ల లేస్తే జొన్నలు ఇసురుతవ్, నేను చెక్క చెక్కుత. ఇద్దరికి చేతులు ఊకె ఉండయి" అన్న. సాయంత్రం గిన్నెల ఇంత పచ్చిపులుసు పెట్టి పోయింది. నోరు చేదు గని మనిషి మంచిది.

గిర్రలు ఎక్కిచ్చిన. ఇరుసు కొసకు శీల పెట్టి, ఆముదం పోసి తిప్పితే ఒక్కొక్కటి ఎంత నిమ్మళంగ తిరుగుతుందో చూడాలె. దేనికదే తిరుగుతది. పాత బండి గిర్రల ఇనుప పట్టాలు జంగయ్య సాగగొట్టి ఇచ్చిండు, వాకిట్ల పరిచిన. ఇంజను చట్రం పెట్టి తోసిన. జానెడు పోయి పక్కకు పడ్డది. మళ్ళ పెట్టిన, మళ్ళ పడ్డది. తప్పు ఏడున్నదో రాయి.

ఎండలు ముదిరినయి. నెత్తికి తువ్వాల కట్టుకో.

నీ అవ్వ


కుర్డువాడి
9 మే 1948

అవ్వా,

తప్పు ఎక్కడున్నదో నీ ఉత్తరంలనే ఉన్నది. దేనికదే తిరుగుతది అన్నవు గదా, గదే తప్పు. మన ఎడ్లబండి దారి వంపులల్ల మలగాలె, ఒక గిర్ర జర ముందు పోవాలె, ఒకటి ఆగాలె. అందుకని బాపు గిర్రలను ఇరుసుకు వదులుగ ఎక్కిచ్చెటోడు. రైలుకు గట్ల నడువదు. రెండు దిక్కుల గిర్రలు ఇరుసుకు బిగిసిపోవాలె. గిర్ర, ఇరుసు, గిర్ర, మూడు కలిసి ఒక్క సామాను. ఒకటి తిరిగితే రెండోది తిరగాలె, ఒకటి ఆగితే రెండోది ఆగాలె. లేకుంటే ఒకటి ఉరికి ఇంకొకటి ఎనకబడి, చట్రం వంకర పోయి పట్టా దిగుతది.

ఇరుసు కొసను నాలుగు పలకలు చేయించు. గిర్ర నడుమ తొర్రను కూడ గట్లనే. కొట్టి ఎక్కిచ్చి, పక్కన సన్న మేకు దించు. అంతే. పెద్ద పని కాదు.

కొండల్ ఉంటే నవ్వెటోడు. బండ్లోళ్ళింట్ల పుట్టి నేను కూడ మొదట్ల ఇదే అడిగిన వాన్ని, గిర్రలు గట్ల బిగిస్తే మలుగుడెట్లరా అని. మలుగుడు పట్టా చూసుకుంటది అన్నా, గిర్రకు ఆ ఫికర్ లేదు అన్నడు.

గొట్టం వద్దంటివి. సరే. ఆ మాట చదివినంక నాకు అన్నం ఒంటబట్టలే. ఒక్కటి అడుగుత అవ్వా, చెప్పు. ఆ గొట్టం నేనే ఏరి, నూనె రాసి, బట్టల చుట్టి పంపిన. మెరిసేటట్టు తోమి మరీ పంపిన. నువ్వు నా మీద కోపంగ ఉన్నవా?

నీ కొడుకు


ఇబ్రహీంపట్నం
ఆషాఢం, వాన కొట్టిన తెల్లారి

గుండూ,

నువ్వు రాసింది అందింది. గిర్రలు ఇంక కుదురుతలేవు. పలకలు సరిగ్గ రాలే. ఇరుసు ఒకదిక్కు లావు, ఒకదిక్కు సన్నం. మల్ల జంగయ్యకు ఇయ్యాలె. బొగ్గు దొరుకుతలేదు ఆయనకు. ఉప్పు దొరుకుతలేదు, గ్యాసునూనె దొరుకుతలేదు, అన్ని ఆడికాడికి బందయినయి. పొద్దు ఉండంగనే వండుకొని తింటున్నం.

నీళ్ళు కాగే పీప చెక్కతోని చేసిన. మొద్దును గుండ్రంగ చెక్కి, లోపల తొలిచి, మీద సన్న ఇనుప పట్టాలు చుట్టిన, గిర్ర నడిమి మొద్దుకు చుట్టినట్టే. పొగగొట్టం కూడ కట్టెదే. ముందు లావు, పైకి పోయినకొద్ది సన్నగ చేసిన. ఈదమ్మ చూసి, రోకలి లెక్క ఉన్నదన్నది. గదే నిజమేమో. చింపిన బొమ్మల గట్లనే ఉండెనా? రాయి.

మూడు గిర్రలను కలిపే కడ్డీ ఎట్ల పెట్టాలె? పైకి పెట్టాల్నా, కిందికి పెట్టాల్నా? ఇది కూడ రాయి. పెద్దగ రాయి, రెండు పక్కల రాయి. చదువుకుంట కూసుంట.

చెరువు నిండుతున్నది. కొండల్ ఉంటే నీళ్ళు మత్తడి దుంకేది చూసేటందుకు పోయెటోడు. నేను పోలే.

నువ్వడిగిన ఇంకో ముచ్చట చూసిన. ఇరుసు ముచ్చట అయినంక చెప్త.

నీ అవ్వ


ఇబ్రహీంపట్నం
దసరా, 1948

గుండూ,

యూనియన్ మిల్ట్రీ వచ్చింది, నీకు ఆడ ముందే తెలిసి ఉంటది. రోడ్డు మీద లారీలు పోతుంటే జనం బంతిపూలు చల్లిండ్రు. నేను కూడ పోయి నిలబడ్డ. చేతుల పూలు లేకుండె. తుపాకులు కనపడంగనే ఎనక్కి జరిగిన. ఎవరి తుపాకైతే నాకేంది, అన్ని ఒక్క తీరుగనే కనపడ్డయి. మన ఇంటికి వచ్చినోళ్ళు రాత్రికి రాత్రే ఊరిడిచి పోయిండ్రంట.

జమ్మి ఆకు చెయ్యిల పెట్టేటందుకు ఇంట్ల మనిషి లేడు. బాపు ఉలి మీద పెట్టిన, ఇంజను మీద పెట్టిన. నీ పాలుది దేవుని కాడ పెట్టిన.

అయినా నువ్వు ఇప్పుడే రాకు. కడ్డీ సరిగ్గ కూసుంటలేదు. బుగ్గయ్య కొడుకు పొలం కాడికి పోయి ఇంటికి రాలే. దాని ముచ్చట ఈడ రాయ. గిర్రలు ఇంక పట్టా దిగుతనే ఉన్నయి.

చలికాలం వస్తున్నది. నా గొంగడి పంపుదమంటే మనిషి దొరుకుతలేడు.

నీ అవ్వ


కుర్డువాడి
12 డిసెంబర్ 1948

అవ్వకు,

ఇక్కడ మన దిక్కోళ్ళందరు పోయిండ్రు. బిస్తర్లు కట్టుకొని, పిల్లలకు అంగీలు కొనుక్కొని, రైలు పట్టకుండ పోయిండ్రు. పొద్దున లేస్తే గదిల నేను, పొయ్యి. దానియేలన్న కూడ పోయిండు. అందరు అడిగిండ్రు, నువ్వెందుకు పోవని. కడ్డీ కూసుంటలేదంట అని చెప్తే నవ్వుతరు.

అవ్వా, నేను చిన్నపిల్లగాన్ని కాదు. ఒక ఇరుసుకు రెండు గిర్రలు బిగిచ్చేటందుకు ఇన్ని నెలలు పడుతదా? జంగయ్య కాక కండ్లు మూసుకొని చేస్తడు ఆ పని. ఏడాది కావస్తున్నది, రా బిడ్డా అని నువ్వు ఒక్కసారి రాయలే. కోపమా అని అడిగితే ఇరుసు ముచ్చట అయినంక అంటివి. నీ గొట్టం ఈ ఇంటికి వద్దు అంటివి. గొట్టం వద్దు అంటే నేను వద్దు అనే గదా. నాకు సమజయింది. జర ఆలస్యంగ సమజయింది.

నువ్వనుకునేది తప్పు కాదు. నేను ఆ గొట్టం పంపకుంటే వాడు ఉండెటోడు. మిస్త్రీ ఉన్నదున్నట్టు ఇచ్చిండు, మసి పట్టిన గొట్టం. మసితోని ఉంటే ఎవడు తుపాకి అనకపోవు. తమ్ముడు చూసి సంబురపడుతడని నేనే తోమిన. రోజు చెయ్యి చూసుకుంట.

అందుకే రాను. ఇంజను నువ్వే ఉంచుకో. ఇగ కొలతలు అడగకు, నేను చెప్పేది ఏమి మిగలలే. ఖర్చులకు పంపేది పంపుతనే ఉంట.

ఈశ్వరయ్య


ఇబ్రహీంపట్నం
1949, మాఘమాసం

గుండూ,

నా గుండూ. దానియేలు వచ్చిండు, మళ్ళ సోలాపూరు పోతున్నడు. ఇది ఆయన చేతికే ఇస్తున్న, టప్పాల వెయ్య. ఇది ఎవరు విప్పరు. అందుకని ఇయ్యాల గిర్రల ముచ్చట కాదు, నా ముచ్చట రాస్త. అది కూడ గిర్రల ముచ్చటనే.

నీ ఉత్తరం బాలస్వామి తెచ్చి ఇచ్చినంక ముందు నేనే చదువుకున్న. నాకే తప్పు చదువొచ్చిందేమో అనుకొని జంగయ్యతోని మళ్ళ చదివిచ్చుకున్న. ఆయన కూడ గదే చదివిండు.

బిడ్డా, మొదటిసారి గిర్రలు వదులుగ ఎక్కిచ్చింది నిజంగ తెల్వకనే. నా చేతులకు ఎడ్లబండే తెలుసు. నువ్వు బిగియ్యమని రాసినవ్. ఉత్తరం వచ్చిన పొద్దే జంగయ్య కాడ కూసోని పలకలు చేయించిన, కొట్టిచ్చిన, మేకు దించిన. సాయంత్రం వాకిట్ల పెట్టి ఒక్క వేలుతోని తోసిన. గడప కాడికెళ్ళి దొడ్డి దాక పోయింది. ఏడ వంకర పోలే, ఏడ ఆగలే. నేను ఆడనే కూలబడ్డ. కొండల్ చూడలే గదా అని. జంగయ్య, ఈదమ్మ చూసిండ్రు. ఈదమ్మ దానికి బొట్టు పెట్టింది.

మరి పడుతున్నదని ఎందుకు రాసిన? దొర్లిన నాడు బయల్దేరుత అన్నవ్ నువ్వు. గొట్టం పంపినోడు ఏడి అని అడిగినోళ్ళు గప్పుడు ఊర్లనే తిరుగుతుండ్రి. దొర్లిందని రాస్తే నిన్ను నేను చేతులార పిలిచి వాళ్ళకు అప్పజెప్పినట్టు. అందుకని కాయితం మీద దాన్ని రోజు కింద పడేసిన. గిర్ర కుదరలే అని రాసిన, కడ్డీ కుదరలే అని రాసిన. ఇంకోటి కూడ ఉన్నది. ఇంజను అయిపోయిందంటే నువ్వు ఏం రాస్తవ్ నాకు? ఎట్ల చెయ్యాలె అని అడిగితే రెండు పక్కల రాస్తివి. ఒక్కొక్క ఉత్తరం చినిగే దాక చదివిన.

దసరాకు రాకు అన్నది కూడ గందుకే. మిల్ట్రీవోళ్ళు సంఘంల తిరిగినోళ్ళని, తిరుగనోళ్ళని లేకుండ పడుచోళ్ళను పట్కపోతుండ్రి. బుగ్గయ్య కొడుకును గట్లనే పట్కపోయిండ్రు. టప్పాల అది ఎట్ల రాయాలె? పోయిన వారం వాన్ని ఇడిచిండ్రు, ఇంటికి వచ్చిండు. చిక్కిండు గని బాగనే ఉన్నడు. ఇప్పుడు జర నిమ్మళం అయింది. ఊరు ఊరైతున్నది.

మొదటి కాయితంలనే నీకు చెప్పిన, చెక్కల ముచ్చటలనే నన్ను చూస్కో అని. నువ్వు కోపంల మరిచినవ్. తప్పు నీది కాదు. చదివేటోనికి గిర్రలే కనిపిస్తయి.

ఇగ గొట్టం. పంపకు అన్నది మళ్ళ అసుంటి గొట్టం దారిల పట్టుకొని ఎవరికిచ్చినవ్, ఎందుకిచ్చినవ్ అని నీ మీదికి వస్తరని. నీ మీద కోపమైతే నీకు ఇంజను ముచ్చట ఎందుకు రాస్త? బిడ్డా, నువ్వు పంపిన గొట్టం వచ్చిన నాడు ఈ ఇంట్ల ఏం జరిగిందో నీకు ఎవరు చెప్పలే. నేను చెప్త. కొండల్ బట్ట విప్పి, దాన్ని కండ్లకు పెట్టుకొని, అండ్లకెళ్ళి నన్ను చూసిండు. అవ్వా, నువ్వు గుండ్రంగ కనిపిస్తున్నవ్ అన్నడు. మా అన్న తోమి పంపిండు చూడు, నా మొఖం కనిపిస్తున్నది అన్నడు. ఆ పూట రొట్టె తినుడు కూడ మరిచిండు. ఊరంత తిరిగి చూపిచ్చిండు. అంత సంబురం వానికి మళ్ళ కాలే. అది నువ్వు ఇచ్చిందే. వాన్ని పొట్టన పెట్టుకున్నది గొట్టం కాదు, నీ చెయ్యి అసలే కాదు. నీ చెయ్యి చూసుకోకు గట్ల.

కట్టెతోని చేసిన పీపకు మేకులు కొట్టలే నేను. మీద ఊకె పెట్టిన, లేపితే లేస్తది. అది అక్కడ ఉండేది కాదని మొదటి సంది తెలుసు. వాడు రాగితోని చేద్దమనుకున్నది, లోపల ఇత్తడి గొట్టం పోవాలనుకున్నది. వానికి పొగ రావాలె, కూత పెట్టాలె. నాకు కట్టెపని వచ్చు, నిప్పుపని రాదు. జంగయ్యకు రాగి అతుకు వచ్చునంట, గని లోపల ఏది ఏడ ఉండాల్నో ఎరుక లేదు. ఆ చింపిన సగం బొమ్మ ఇగ నీ తలకాయలనే ఉన్నది.

గుండూ, రా. ఏడాది నుంచి రాద్దమనుకొని రాయని మాట ఇదొక్కటే. రా బిడ్డా. వచ్చేటప్పుడు ఇత్తడి గొట్టం తే. బట్టల చుట్టి దాచకు, చేతుల పట్టుకొనే రా. మంచిగ తోముకొని రా.

దానియేలు కాడ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం కట్టి ఇస్తున్న. ఆడికి చేరే వరకు గట్టిపడుతయి, పాలల్ల నానబెట్టుకో. దారిల టేషన్లల్ల ఊకె చాయ తాగి కూసోకు. కడుపు నిండ తిను.

నీ అవ్వ